జాతి నిర్మూలన గురించి మన కాలేజీలో చెప్పాలంటే రంగం (రంగూన్) నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కొంతమంది ఫ్రెండ్స్ కలిసి రువాండా, సుడాన్, రోహింగ్యాలు, గాజా, ఇంకా శరణార్థుల సమస్య మీద కాలేజీలో ఒక అవగాహన కార్యక్రమం చేద్దామనుకుంటున్నాం. ఒక లెక్చరర్ గారు "మన సమస్యలు చాలవా, ఎక్కడో వాళ్ళ గొడవ మనకెందుకు" అన్నారు. ప్రిన్సిపాల్ గారేమో గొడవలవుతాయని టెన్షన్ పడుతున్నారు. ఏం చూపించాలి, ఎలా మొదలుపెట్టాలి, ఎవరైనా ఎదురు ప్రశ్నలేస్తే ఏం చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సమాధానం:

అమ్మా, నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కాలేజీల్లో చాలా ఏళ్ళు పొలిటికల్ సైన్స్ చెప్పాను. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుగానూ చేశాను. ఇలాంటి కార్యక్రమాలు పిల్లల చేత చేయించాను, పక్క కాలేజీల్లో జరిగినవీ చూశాను. మీ వయసులో మీకు ఈ ఆలోచన వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. నాలుగు దేశాలు పెట్టుకోకండి, ఒక్కటే పెట్టుకోండి. రెండు గంటల్లో నాలుగు దేశాల గురించి చెప్పబోతే చివరికి మిగిలేది చనిపోయినవాళ్ళ లెక్కలే. ఇక్కడ 8 లక్షలు, అక్కడ 3 లక్షలు అని వింటూ కూర్చున్న పిల్లాడికి మూడో అంకె దగ్గరికొచ్చేసరికి మనసు మొద్దుబారిపోతుంది. అది అతని తప్పు కాదు. అదే ఒక్క చోటు తీసుకుని, అక్కడ పక్కపక్క ఇళ్ళలో బతికిన మనుషుల మధ్య ఇంత ఘోరం ఎలా తయారైందో ఏడాది తర్వాత ఏడాది చూపిస్తే, హాల్లో చివరి బెంచీ దాకా అందరూ వింటారు. జాతి నిర్మూలన ఒక్క రాత్రిలో పుట్టేది కాదు. కత్తులు బయటికి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే కాగితాలు వస్తాయి. ఎవరు పౌరులో, ఎవరు కాదో చెప్పే చట్టం వస్తుంది. కార్డులొస్తాయి, జాబితాలొస్తాయి, వాళ్ళను పురుగులతో పోల్చే ప్రసంగాలొస్తాయి. విజయనగరంలో కూర్చున్న విద్యార్థి సుడాన్‌లో చచ్చిపోతున్నవాళ్ళను కాపాడలేకపోవచ్చు. కానీ ఈ క్రమాన్ని గుర్తుపట్టడం మాత్రం తప్పకుండా నేర్చుకోగలడు. మీ కార్యక్రమం ఆ పని చేస్తే చాలు, నా దృష్టిలో అది చాలా పెద్ద పని.

ఏ చోటు అంటారా? నన్నడిగితే మయన్మార్, అంటే ఒకప్పటి బర్మా. అక్కడి ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాలు. కారణం మన ఇళ్ళలోనే ఉంది.

మన రెండు జిల్లాల్లో పాత కుటుంబాల్లో ఎవరినడిగినా తాతో ముత్తాతో రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళొచ్చాడని చెబుతారు. కరువొస్తే, అప్పులు మీద పడితే, ఇంట్లో పోట్లాట జరిగితే రంగం ఓడెక్కేవారు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి స్టీమర్లు రంగూన్‌కి వెళ్ళేవి. అక్కడ రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది చాలావరకు మనవాళ్ళే. బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరున్న కోరంగి రేవు పేరు మీద.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తేలిపోయి మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మావాళ్ళను పొమ్మన్నాయి. ఆ నెల 26న మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఇది మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించదు, అదే నాకు ఎప్పుడూ బాధ. కూలి దగ్గర మొదలైన గొడవ జాతి గొడవగా ఎలా మారిందో చూపించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన పిల్లలకు దొరకదు.

తర్వాత 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షల మంది భారతీయులు కాలినడకన బయల్దేరారు. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకే దొరికింది. కొంతమంది మణిపూర్ అడవుల మీదుగా వచ్చారు. మరికొంతమంది ప్రోమ్ నుంచి కొండలు దాటి అరకాన్ తీరానికి, అక్కడి నుంచి ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న చిట్టగాంగుకి చేరారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది పోయారు. ఆ అరకానే ఇప్పటి రఖైన్ రాష్ట్రం. 2017లో రోహింగ్యాలు పారిపోయింది అక్కడి నుంచే, చేరింది ఆ చిట్టగాంగు వైపుకే. మీ ప్రదర్శనలో ఒక గోడ మీద ఈ మ్యాపు ఒక్కటి పెద్దగా గీయండి. బంగాళాఖాతం, ఈ పక్క కళింగపట్నం, ఆ పక్క రంగూన్, అక్యాబ్, చిట్టగాంగు, కాక్స్ బజార్. 1942లో మనవాళ్ళు నడిచిన దారి ఒక రంగులో, 2017లో రోహింగ్యాలు నడిచిన దారి ఇంకో రంగులో వేయండి. "ఎక్కడో వాళ్ళ గొడవ" అన్న సారు గారిని ఆ మ్యాపు ముందు రెండు నిమిషాలు నిలబెట్టండి, మీరు వాదించే పనే ఉండదు.

యుద్ధం అయిపోయాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో సైన్యం అధికారం తీసుకుంది. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేసింది, పెద్ద నోట్లు రద్దు చేసింది. ఆ కొన్నేళ్ళలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే.

కాబట్టి కార్యక్రమానికి నెల ముందే ఒక పని మొదలుపెట్టండి. మీ కాలేజీ పిల్లలను వాళ్ళ ఇళ్ళలో అడగమనండి. రంగం వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళ వస్తువు ఏదైనా మిగిలిందా అని. మొదట ఎవరూ ఏమీ లేదంటారు. వారం తిరిగేసరికి ఒక్కొక్కటే వస్తాయి. ఒకసారి సోంపేట వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి వాళ్ళ నానమ్మ తమలపాకుల డబ్బా తెచ్చాడు. బర్మా లక్కపని డబ్బా, నల్లటి దాని మీద సన్నటి ఎర్ర గీతలు. మూత అంచు పెచ్చులూడిపోయి కింద వెదురు అల్లిక కనబడుతోంది. లోపల సున్నానికి ఒక చిన్న అర, అందులో ఇంకా తెల్లటి మరక ఉంది. దాని పక్కన తెల్ల కాగితం మీద ఆ అబ్బాయి మూడు ముక్కలు రాసి పెట్టాడు. ఇది ఎవరిది, ఎప్పుడు తెచ్చారు, ఏం వదిలేసి వచ్చారు. మూడో దానికి ఎదురుగా "ఇల్లు, కుట్టు మిషను, పాలిచ్చే ఆవు" అని ఉంది. పిల్లలు ఆ బల్ల దగ్గర ఆగినంతసేపు వేరే ఏ పోస్టరు దగ్గరా ఆగలేదు.

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఫోను ముఖం మీద పెట్టి "చెప్పండి బామ్మగారూ, ఎలా ఏడ్చారు" అన్నట్టు అడక్కూడదు. ముందు అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. ఆవిడ ఒకచోట ఆగిపోతే అక్కడితో వదిలేయండి. పేరు పెట్టొద్దంటే పెట్టొద్దు.

ఇక్కడే ఒక తేడా స్పష్టంగా చెప్పాలి. మనవాళ్ళకు బర్మాలో జరిగింది అన్యాయమే, కానీ అది జాతి నిర్మూలన కాదు. ఆ రెండూ ఒకటే అని మీ పోస్టరు మీద రాస్తే తెలిసినవాళ్ళు ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తారు. ఇంకో సంగతి, బర్మావాళ్ళను రాక్షసుల్లా చూపించకండి. వాళ్ళ దేశాన్ని బ్రిటిష్‌వాళ్ళు ఆక్రమించి, తక్కువ కూలికి దొరుకుతారని మనవాళ్ళను ఓడల్లో దించారు. వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి బర్మా రైతుల భూములు పోయాయి. వాళ్ళ కోపానికి ఒక కారణం ఉంది. ఆ కోపాన్ని ఎవరు ఎటు తిప్పారన్నదే అసలు పాఠం.

చట్టం ఏమంటుందో అందరికీ అర్థమయ్యేలా ఒక ప్యానెల్ మీద పెట్టండి. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జాతి నిర్మూలన ఒప్పందాన్ని ఆమోదించింది. మన దేశం 1949లో సంతకం పెట్టి 1959లో ధ్రువీకరించింది. ఒక జాతిని, తెగను, మత సమూహాన్ని పూర్తిగానో కొంతమేరకో నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే ఐదు రకాల పనులను అది నేరమంటుంది. చంపడం, తీవ్రంగా గాయపరచడం లేదా మానసికంగా చిత్రవధ చేయడం, బతకలేని పరిస్థితుల్లోకి నెట్టడం, పిల్లలు పుట్టకుండా అడ్డుకోవడం, వాళ్ళ పిల్లలను లాక్కుని వేరేవాళ్ళకు అప్పగించడం. ఎంతమంది చనిపోయారన్న లెక్క కంటే ఆ ఉద్దేశం ఉందా లేదా అన్నదే కోర్టులో తేలాల్సిన విషయం. అందుకే ఈ కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయి.

ఇప్పుడు రోహింగ్యాల ప్యానెళ్ళు. వరసగా తేదీలు మాత్రమే పెట్టండి, విశేషణాలు వద్దు. 1978లో సైన్యం చేపట్టిన తనిఖీలకు భయపడి దాదాపు 2 లక్షల మంది బంగ్లాదేశ్ పారిపోయారు. 1982లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1823కి ముందు నుంచి దేశంలో ఉన్న తెగలే పూర్తి పౌరులన్నారు. ప్రభుత్వం గుర్తించిన 135 తెగల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. అంటే తాతలు పుట్టిన ఊళ్ళోనే పరాయివాళ్ళయ్యారు. 1991–92లో మళ్ళీ రెండున్నర లక్షల మంది సరిహద్దు దాటారు. 2012లో రఖైన్‌లో అల్లర్లు జరిగాయి, లక్షమందికి పైగా క్యాంపుల్లోకి పోయారు. 2014 జనాభా లెక్కల్లో తాము రోహింగ్యాలమని చెప్పుకునే వీల్లేకుండా చేశారు. 2015లో వాళ్ళ చేతుల్లో మిగిలిన తాత్కాలిక గుర్తింపు కార్డులు, తెల్ల కార్డులనేవారు, అవి కూడా రద్దు చేశారు. 2017 ఆగస్టు 25న అర్సా అనే రోహింగ్యా సాయుధ ముఠా పోలీసు పోస్టుల మీద దాడి చేసింది. దానికి బదులుగా సైన్యం ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టింది. మొదటి నెలలోనే కనీసం 6,700 మందిని చంపారని శరణార్థులకు వైద్యం చేసిన డాక్టర్ల సంస్థ తన సర్వేల మీద అంచనా వేసింది. కొన్ని నెలల్లో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ చేరారు.

చూశారా, 1978 నుంచి 2017 దాకా దాదాపు నలభై ఏళ్ళు. ఈ వరస చదివిన విద్యార్థి, ఏ ఏడాదిలో ఎవరు ఏం చేసి ఉంటే ఆగేది అని తనంతట తానే అడుగుతాడు. ఆ ప్రశ్న అతని నోటి నుంచి రావాలి, మీరు చెప్పకూడదు.

ఫేస్‌బుక్ సంగతి ప్రత్యేకంగా ఒక ప్యానెల్‌కి పెట్టండి, మన పిల్లలకు బాగా తగిలేది అదే. మయన్మార్‌లో చాలామందికి ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే. రోహింగ్యాల మీద విషం చిమ్మే పోస్టులు అందులో ఏళ్ళ తరబడి తిరిగాయి. ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో ఈ విషయం తేల్చింది. ఆ ఏడాది ఆగస్టులో ఫేస్‌బుక్ మయన్మార్ సైన్యాధిపతి ఖాతానే తీసేసింది. హింసను రెచ్చగొట్టడానికి తమ వేదికను వాడకుండా ఆపేందుకు తాము చేయాల్సినంత చేయలేదని నవంబరులో ఆ కంపెనీయే ఒప్పుకుంది. దీని పక్కన రువాండా రేడియో గురించి నాలుగు వాక్యాలు రాస్తే చాలు. 1994 ఏప్రిల్ నుంచి సుమారు 100 రోజుల్లో 8 లక్షల మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది టుట్సీ తెగవాళ్ళు. ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచింది, వేటాడాల్సినవాళ్ళ పేర్లు కూడా చదివింది. బెల్జియం పాలనలో మొదలైన గుర్తింపు కార్డుల మీద జాతి రాసి ఉండడంతో రోడ్డు మీద కార్డు చూసి చంపారు. ఇంతకు మించి రువాండాలోకి వెళ్ళకండి. వెళితే అదే ఇంకో కార్యక్రమం అవుతుంది.

శరణార్థి బతుకు చూపించడానికి శవాల ఫోటోలు, ఏడుస్తున్న పసిపిల్లల ఫోటోలు పెట్టొద్దు. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. మన ఇంట్లో మనిషి చనిపోతే ఆ ఫోటో ఎవరో కాలేజీ గోడకు అంటించడం మనకు ఇష్టమా? పైగా అలాంటి ఫోటో చూసినవాళ్ళలో సగంమంది తల తిప్పుకుని వెళ్ళిపోతారు. మిగతా సగం ఫోన్లో తీసి స్టేటస్ పెడతారు.

దానికి బదులు ఒక బల్ల వేయండి. 2023 జూన్‌లో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ రోహింగ్యా క్యాంపుల్లో ఒక్కో మనిషికి ఇచ్చే తిండి సాయాన్ని నెలకు 8 డాలర్లకు తగ్గించారు. అంతకు కొన్ని నెలల ముందు అది 12 ఉండేది. విరాళాలు రాకపోవడమే కారణం. తర్వాత మళ్ళీ కొంత పెంచారు. 8 డాలర్లంటే అప్పటి లెక్కలో సుమారు 650 రూపాయలు. మీ టీంలో ఇద్దరు 650 రూపాయలు పట్టుకుని రైతుబజారుకో కిరాణా కొట్టుకో వెళ్ళి, ఒక మనిషి నెలంతా తినడానికి ఏమొస్తుందో కొనుక్కురండి. కొన్ని కేజీల బియ్యం, ఒక నూనె ప్యాకెట్టు, అరకేజీ పప్పు, ఉప్పు, కాసిని ఉల్లిపాయలు, అంతే, డబ్బులైపోతాయి. వాటిని బల్ల మీద అలాగే పెట్టండి. పక్కన మీ హాస్టల్ మెస్ నెల బిల్లు పెట్టండి. ఏమీ రాయక్కర్లేదు. హాస్టల్ పిల్లలు అక్కడ నిలబడి లెక్కలేసుకోవడం నా కళ్ళతో చూశాను. ఒక అమ్మాయి బియ్యం మూట చేత్తో ఎత్తి చూసి, "ఇది పదిహేను రోజులకు కూడా రాదు సార్" అంది. కార్యక్రమం అయ్యాక ఆ సరుకులు మెస్‌లో వంట చేసేవాళ్ళకు ఇచ్చేయండి.

అక్కడి కుటుపాలాంగ్ క్యాంపు ఎంత పెద్దదో చెప్పాలంటే, దాదాపు 13 చదరపు కిలోమీటర్లలో 6 లక్షల మందికి పైగా ఉంటున్నారు. శ్రీకాకుళం, విజయనగరం రెండు పట్టణాల జనాభా కలిపినా అంత ఉండదు. ఒకసారి అలా చెబితే చాలు.

నాటకం వేద్దామని కొందరంటారు. నువ్వు సైనికుడు, నువ్వు శరణార్థి, ఇక్కడ చెక్‌పోస్టు, కాల్చు, పరిగెత్తు అని. దయచేసి వద్దు. ఇలాంటి చరిత్ర నేర్పే మ్యూజియాలు కూడా ఈ పద్ధతి వద్దనే టీచర్లకు చెబుతాయి. పది నిమిషాలు నటించినవాడికి వాళ్ళ బాధ అర్థమైపోయిందన్న భ్రమ మిగులుతుంది. అంతకంటే ఘోరం, కొందరు పిల్లలు నవ్వుతారు. ఎవరైనా శరణార్థి చెప్పిన మాటలు, ప్రచురితమైనవి, తెలుగులోకి తెచ్చుకుని నిలబడి నెమ్మదిగా చదవండి. అది చాలు.

చందాలు కూడా వసూలు చేయకండి. విదేశాలకు డబ్బు పంపడం మీ చేతిలో పని కాదు. రసీదు లేని డబ్బు ఏ విద్యార్థి సంఘానికైనా చెడ్డపేరే తెస్తుంది. ఎవరైనా ఇస్తామంటే ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థకు ఢిల్లీలో, చెన్నైలో ఆఫీసులున్నాయి, నేరుగా వాళ్ళకే ఇమ్మనండి.

ఇక ఎదురు ప్రశ్నలు. ప్రిన్సిపాల్ గారి టెన్షన్ అసలు ఇక్కడే. వాటిని ముందే కూర్చుని రాసుకుని, జవాబులు ప్రాక్టీస్ చేయండి.

తప్పకుండా వచ్చే మొదటి ప్రశ్న, "అయితే రోహింగ్యాలను మన దేశంలో ఉంచాలంటారా?" హైదరాబాద్ బాలాపూర్ వైపు వాళ్ళ బస్తీలున్నాయని మన పిల్లలకు తెలుసు, టీవీల్లో చర్చలూ చూశారు. ఇక్కడ రెండు విషయాలు విడదీయండి. మయన్మార్‌లో ఏం జరిగిందన్నది ఒకటి, మన ప్రభుత్వం ఏం చేయాలన్నది ఇంకొకటి. మీ కార్యక్రమం మొదటి దాని మీద. రెండో దాని మీద అభిప్రాయాలు వేరువేరుగా ఉండొచ్చు, దానికి వేరే రోజు డిబేట్ పెట్టుకోవచ్చు. కానీ చట్టం ఎలా ఉందో మాత్రం తెలిసుండాలి. 1951 శరణార్థి ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. మనకు ప్రత్యేక శరణార్థి చట్టమూ లేదు. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, పౌరులు కానివాళ్ళ ప్రాణాలకు కూడా రాజ్యాంగం 21వ అధికరణ రక్షణ ఉంటుందని, వాళ్ళను కాపాడే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. 2021లో జమ్మూలోని రోహింగ్యాల కేసులో మాత్రం, చట్టప్రకారం పద్ధతి పాటించి వెనక్కి పంపొచ్చని అదే కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రెండూ చెప్పండి. ఒక్కటే చెబితే రెండోది తెలిసినవాడు లేచి నిలబడతాడు, అప్పుడు మీరు చెప్పిన మిగతావన్నీ కూడా నమ్మరు.

రెండో ప్రశ్న, "వాళ్ళు హిందువులను చంపలేదా?" దాచొద్దు. 2017 ఆగస్టులో అర్సా ముఠా రఖైన్‌లో హిందూ గ్రామస్తులను, ఆడవాళ్ళను, పిల్లలను కూడా చంపిందని, చనిపోయినవాళ్ళు 99 మంది దాకా ఉండొచ్చని ఆమ్నెస్టీ సంస్థ 2018లో నివేదిక ఇచ్చింది. అది కూడా ఒక ప్యానెల్ మీద ఉండాలి, ఎవరో అడిగాక చెప్పడం కాదు, ముందే ఉండాలి. ఆ ఊరివాళ్ళ ప్రాణాలూ ప్రాణాలే. ఒక సాయుధ ముఠా చేసిన హత్యలకు 7 లక్షల మంది మామూలు జనాన్ని బాధ్యులను చేయడం న్యాయమా అని ఆ తర్వాత అడగండి. ఈ రెండూ ఒకే నోటితో చెప్పగలిగితే మీ మాటకు విలువ ఉంటుంది.

మూడోది గాజా. ఇది అడగకుండా ఏ హాలూ ఖాళీ కాదు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ దాడుల్లో గాజాలో వేలకు వేల మంది చనిపోయారు, వాళ్ళలో పిల్లలు చాలా ఎక్కువ. 2023 డిసెంబరు 29న దక్షిణాఫ్రికా అంతర్జాతీయ న్యాయస్థానంలో జాతి నిర్మూలన ఒప్పందం కింద కేసు వేసింది. 2024 జనవరి 26న కోర్టు తాత్కాలిక ఆదేశాలిచ్చింది. 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం అక్కడ జాతి నిర్మూలన జరుగుతోందని తేల్చింది, ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు. ఈ తేదీలు చెప్పి, దీనికి ఒక పూర్తి రోజు కావాలి, ఇంకోసారి చేద్దాం అనండి. మయన్మార్ కేసు కూడా అదే కోర్టులో, అదే ఒప్పందం కింద గాంబియా 2019లో వేసిందని గుర్తుచేయండి. అక్కడా 2020 జనవరిలో తాత్కాలిక ఆదేశాలొచ్చాయి. తాత్కాలిక ఆదేశం తుది తీర్పు కాదన్న సంగతి చాలామంది చదువుకున్నవాళ్ళకే తెలియదు. అది చెప్పినా మేలే.

"మన సమస్యలు చాలవా" అన్న సారు గారి మాటను కొట్టిపారేయకండి. వంశధార రిజర్వాయరు కింద ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు పక్కనే శ్రీకాకుళం జిల్లాలో ఉన్నారు. వాళ్ళ గురించి మీ కాలేజీలో ఎప్పుడైనా మాట్లాడారా? మాట్లాడకపోతే అది కూడా చేయండి. ఒక దాని గురించి తెలుసుకుంటే ఇంకో దాని మీద శ్రద్ధ తగ్గదు. నేను చూసినంతలో, రోహింగ్యా ప్రదర్శనకు పనిచేసిన పిల్లలే తర్వాత తుఫాను సహాయానికి ముందుగా వచ్చారు.

కుదిరితే ఒక ప్రయాణం పెట్టుకోండి. పలాస దాటి ఒడిశాలోకి వెళితే గజపతి జిల్లాలో చంద్రగిరి ఉంది. 1963 నుంచి అక్కడ టిబెటన్ శరణార్థుల స్థావరం ఉంది. జిరంగ్ బౌద్ధారామం చూడ్డానికి మనవాళ్ళు పిక్నిక్‌లకు వెళ్తూనే ఉంటారు, ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఆ కొండల్లో మొక్కజొన్న వేసుకుని మూడో తరం బతుకుతున్న మనుషులతో మాత్రం ఎవరూ మాట్లాడరు. ముందే ఆ స్థావరం ఆఫీసుకు ఉత్తరం రాసి, చిన్న గుంపుగా వెళ్ళండి. ఒక దేశం సరిగ్గా చోటిస్తే శరణార్థులు ఎలా నిలదొక్కుకుంటారో చూపించే చోటు మనకు ఇంత దగ్గర్లో ఉంది. శరణార్థులంతా ధనిక దేశాలకే పోతారని మన పిల్లలు అనుకుంటారు. నిజానికి 2024 చివరి లెక్కల ప్రకారం మూడింట రెండు వంతుల మంది తమ పక్క దేశాల్లోనే ఉన్నారు.

సుడాన్‌ని వచ్చే ఏడాదికి ఉంచుకోండి. 2003లో సుడాన్ పశ్చిమాన ఉన్న డార్ఫూర్‌లో ఊళ్ళు తగలబెట్టిన జంజవీద్ ముఠాల నుంచే అర్ధసైనిక బలగమైన ఆర్‌ఎస్‌ఎఫ్ పుట్టింది. 2023 ఏప్రిల్ 15న మొదలైన యుద్ధంలో అదే బలగం అక్కడి ఎల్ జెనీనా నగరంలో మసాలిత్ తెగను వేటాడింది. ఇరవై ఏళ్ళ క్రితం డార్ఫూర్ గురించి అమెరికాలో గొంతెత్తినవాళ్ళలో కాలేజీ విద్యార్థులు ముందున్నారు. మీరు చేస్తున్నది కొత్తేమీ కాదు, ఆ దారిలో మీరు ఒంటరివాళ్ళూ కారు.

తేదీ విషయానికొస్తే డిసెంబరు 9, 10 పెట్టుకోండి. 9 జాతి నిర్మూలన బాధితుల స్మారక దినం, 10 మానవ హక్కుల దినం. 10న ఎలాగూ ఎన్ఎస్ఎస్ వాళ్ళు ఏదో ఒక కార్యక్రమం చేసి రిపోర్టు పంపాలి. దానికే మీదాన్ని కలపమనండి, ప్రిన్సిపాల్ గారికీ తేలిక, కాలేజీ నాణ్యతా విభాగం (ఐక్యూఏసీ) ఫైలుకీ పనికొస్తుంది. పరీక్షల తేదీలు ముందే చూసుకోండి. అంతా క్యాంపస్ లోపలే, ఒక హాల్లోనే చేయండి. ర్యాలీ అంటే పోలీసు పర్మిషన్ కావాలి, దానితో అసలు విషయం పక్కకు పోతుంది. ఏ పార్టీ జెండా, ఏ సంఘం బ్యానరు ఉండకూడదని ముందే అందరితో ఒప్పించుకోండి. ముఖ్య అతిథిగా రాజకీయ నాయకుడు వద్దు. హిస్టరీ లెక్చరర్, ఒక లాయరు, రంగం నుంచి వచ్చిన కుటుంబంలో ఒక పెద్దావిడ, ఈ ముగ్గురు చాలు.

పర్మిషన్ లెటరుతో పాటు ప్రతి ప్యానెల్ మీద ఉండబోయే మొత్తం మేటరూ ప్రింటు తీసి ప్రిన్సిపాల్ గారి చేతిలో పెట్టండి. ఏముందో తెలియకపోవడం వల్లే ఆయనకు టెన్షన్. చదివాక ఏదైనా వాక్యం తీసేయమంటే ఎందుకో అడగండి. తేదీ తప్పయితే దిద్దండి, నిజమే అయితే మర్యాదగా ఆధారం చూపించి ఉంచమని అడగండి. అక్టోబరు మొదటి వారంలోపు లెటరు ఇచ్చేస్తే, తుఫాన్లకు సెలవులొచ్చినా పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడడానికి మీకు టైం మిగులుతుంది.